పిల్లల కథల్లో ‘రక్షస’, ‘అవతార్’, ‘మన’: ఎర్రసిరా పెట్టాలా, వదిలేయాలా?

కావలి టీచరమ్మ:

అందరికీ నమస్కారం. నేను కావలిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెప్తాను, పదహారేళ్ల నుంచీ ఇదే పని. దసరా సెలవులకు ముందు ఎనిమిదో తరగతి పిల్లలకు సొంతంగా ఒక జానపద కథ రాసుకురమ్మని చెప్పాను. రాజు, మంత్రగాడు, గుహ, రాక్షసుడు, ఏదైనా పెట్టుకోండి గానీ ఎక్కడా చూసి రాయొద్దు అన్నాను. నలభై ఒక్క నోటు పుస్తకాలు వచ్చాయి. పిల్లలు నిజంగానే సొంతంగా రాశారు, ఆ సంతోషం నాకుంది. కానీ దిద్దడం మొదలుపెట్టిన రోజే చెయ్యి ఆగిపోయింది.

ఒక అబ్బాయి కథలో “మంత్రగాడు నాలుగు మంటలు విసిరాడు, అప్పటికి అతని మన అయిపోయింది” అని ఉంది. ‘అతని మన’ ఏమిటో నాకు అర్థం కాలేదు, ‘మన’ తర్వాత ఏదో మాట రాయడం మర్చిపోయాడనుకుని పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. నాలుగు పుస్తకాలు తిప్పాక ఒక అమ్మాయి కథలో “యువరాణికి మన తక్కువగా ఉంది, అందుకని బావి దగ్గర ఆగి మన తాగింది” అని కనిపించింది. అప్పుడు గానీ ఇది మరిచిపోయిన మాట కాదని, పిల్లలందరికీ తెలిసి నాకు ఒక్కదానికే తెలియని మాట అని అర్థం కాలేదు.

ఇంకా ఉన్నాయి. పదకొండు మంది రాక్షసుణ్ణి ‘రక్షస’ అని రాశారు, అందులో ముగ్గురు దానికి పులి తల పెట్టారు. మన కథల్లో పులి తల రాక్షసుడు ఎక్కడున్నాడని అడిగితే “ఉంటాడు మేడమ్” అన్నారు. దేవుడు రూపం మార్చుకుంటే ‘అవతార్ మార్చుకున్నాడు’. గుహలో బంగారం దొరికితే ‘లూట్ దొరికింది’, దొంగతనం ఏమీ లేదు, ఊరికే దొరికిందే. మరుగుజ్జు అనే మాట నలభై ఒక్క పుస్తకాల్లో ఒక్కచోట కూడా లేదు, అందరూ ‘డ్వార్వ్‌లు’ అనే రాశారు, ఒకడైతే ‘ఒక డ్వార్వ్ వచ్చాడు’ అని రాశాడు.

స్టాఫ్ రూములో ఈ మాట చెప్తే మా ఇంగ్లీషు మేడమ్ కూడా తన బాధ చెప్పింది. ఆర్మర్‌లో యు అక్షరం వదిలేస్తున్నారట, డిఫెన్స్‌లో సి బదులు ఎస్ రాస్తున్నారట, తప్పు అంటే ఒక పిల్లాడు లేచి “గేములో అట్లాగే ఉంటుంది మేడమ్, కోట్ల మంది చూస్తారు, అందరూ తప్పా” అన్నాడట.

నేను గేములు ఆడేదాన్ని కాదు, వాటి మీద కోపమూ లేదు. నా అనుమానం ఒక్కటే. వీటిలో ఏవి తప్పులు, ఏవి కొత్త మాటలు? అన్నిటికీ ఎర్రసిరాతో సున్నా చుట్టేస్తే పిల్లలు మళ్లీ సొంతంగా రాయడం మానేస్తారని భయంగా ఉంది. వదిలేస్తే నా పని నేను చేయనట్టు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు మంగమూరు రోడ్డు:

టీచర్ గారూ, మీరు ప్రశ్నార్థకం పెట్టిన ‘మన’ అసలు ‘మానా’. గేముల్లో మంత్రాలు వేయడానికి ఖర్చయ్యే శక్తి అది. స్క్రీన్ మీద నీలం రంగు గీతలా ఉంటుంది, మంత్రం వేసినప్పుడల్లా తగ్గుతుంది, నీలం సీసా తాగితే పెరుగుతుంది. మీ విద్యార్థిని యువరాణి చేత తాగించింది ఆ సీసానే అయ్యుంటుంది, సీసా తీసేసి బావి పెట్టింది, నాకు అది చాలా నచ్చింది. మాట మాత్రం పసిఫిక్ మహాసముద్రంలోని ద్వీపాల భాషలది, అక్కడ దానికి దైవశక్తి, మహిమ లాంటి అర్థం. వాడితే అయిపోయే సరుకులా దాన్ని మార్చింది ఫాంటసీ రచయితలు, ఆ తర్వాత గేములు. రోమన్ అక్షరాల్లో దీర్ఘం కనపడదు కాబట్టి మన పిల్లలకు అది ‘మన’ అయింది.

డ్వార్వ్‌ల సంగతి కొంచెం పెద్దది, ఓపికగా చదవండి, ఎందుకంటే మీ ప్రశ్నకు దగ్గరి ఉదాహరణ అదే అనిపిస్తోంది. ఇంగ్లీషులో డ్వార్ఫ్ అనే మాటకు సరైన బహువచనంగా చాలాకాలం ఒప్పుకున్నది ‘డ్వార్ఫ్స్’, అంటే ఎఫ్ అలాగే ఉండి చివర ఎస్ చేరుతుంది. 1937లో డిస్నీ వాళ్ల స్నో వైట్ సినిమా పేరులోనూ ఎఫ్ తోనే ఉంది. అదే 1937లో టోల్కీన్ అనే రచయిత రాసిన ది హాబిట్ అనే ఫాంటసీ నవల వచ్చింది, అందులో ఆయన ఎఫ్ తీసి వి పెట్టి ‘డ్వార్వ్స్’ అని రాశాడు. ఆయన మామూలు మనిషి కాదు, ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు ప్రొఫెసరు, అంతకుముందు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తయారీలో పనిచేసినవాడు. అలాంటాయన కూడా వ్యాకరణం ప్రకారం అది తప్పేనని ఒప్పుకున్నాడు, తన కథలోని జాతి వేరు, ఆ మాట కూడా వేరుగా కనపడాలి అని ఉంచుకున్నాడు. 1954లో ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్ అచ్చు వేస్తుంటే ప్రెస్సువాళ్లు తప్పనుకుని అన్నీ దిద్దేశారు. ఆయన పట్టుబట్టి తన స్పెల్లింగులన్నీ వెనక్కి తెప్పించుకున్నాడు.

అంటే మీ ఎర్రసిరా ప్రశ్న ఆ ప్రెస్సులో అప్పుడే వచ్చింది మేడమ్.

తర్వాత 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చింది. కాగితం, పాచికలు, మాటలతో ఆడే ఆట. అది ఆ మాటల్ని టోల్కీన్ దగ్గర్నుంచే తీసుకుంది. టోల్కీన్ కథల్లోని పొట్టి జాతి పేరు హాబిట్, అది వాడితే హక్కులున్నవాళ్లు అడ్డుపడ్డారు, అందుకని ‘హాఫ్లింగ్’ అని మార్చుకున్నారు. డ్వార్వ్స్ మీద ఎవరికీ హక్కు లేదు, ఆ వి అలా ఉండిపోయింది. అక్కణ్నుంచి కంప్యూటర్ గేములకు, 1994లో మొదలైన వార్‌క్రాఫ్ట్‌కు, ఇప్పుడు ఫోన్లకు. తమాషా ఏంటంటే వార్‌హామర్ అనే ఇంకో ఆటవాళ్లు చాలాకాలం ఎఫ్ తోనే రాశారు, 2015లో కొత్త ఆట పెట్టినప్పుడు ఏకంగా ‘డ్వార్డిన్’ అని కొత్త పేరే పెట్టేశారు, ఎల్ఫ్, ఆర్క్ అనే మిగతా కల్పిత జాతుల పేర్లను కూడా స్పెల్లింగు మార్చి తమవిగా చేసుకున్నారు. అక్కడ స్పెల్లింగు అంటే పొలానికి హద్దురాయి లాంటిది.

కాబట్టి ‘ఒక డ్వార్వ్’ అన్న పిల్లవాడు బహువచనం విని దాన్నే ఏకవచనం అనుకున్నాడు. అది గేములో కూడా ఉండదు, వాడి సొంతం.

ఇంకొకటి చెప్పి ఆపుతా. గేములు ఆడేవాళ్లు రాసేవన్నీ ఒప్పు అని నేను అనడం లేదు. ‘రోగ్’ అని ఒక పాత్ర ఉంటుంది, చాటుగా వచ్చి కత్తితో పొడిచేవాడు. టైపు చేసేటప్పుడు జి, యు అటూ ఇటూ అయిపోయి వేలమంది దాన్ని ‘రూజ్’ అని రాస్తారు, అంటే బుగ్గలకు పూసుకునే రంగు. ఏళ్ల తరబడి రాస్తున్నారు, అయినా అది ఈరోజుకీ తప్పే, ఆడేవాళ్లే ఒకళ్లనొకళ్లు దిద్దుకుంటారు. అదే ‘ఓన్’ (ఎదుటివాణ్ణి చిత్తుగా ఓడించడం) అని కొట్టబోయి పక్కనున్న పి నొక్కి పుట్టిన ‘పోన్’ మాత్రం నిలబడింది, ఎందుకంటే దాన్ని జనం కావాలని వాడారు. ఎక్కువమంది రాశారు కదా అని తప్పు ఒప్పయిపోదు, ఆ మార్పు ఎవరికో కావాలి.

పెన్నా ఒడ్డు పెద్దాయన:

అమ్మా, నేను నెల్లూరు రంగనాయకులపేటలో ఉంటాను, పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఈ గేములు నాకు తెలియవు గానీ ఆటల్లోంచి మాటలు రావడం కొత్త సంగతి కాదని చెప్పాలనిపించింది.

సంక్రాంతి మూడు రోజులూ మా ఇంటి అరుగు మీద మా నాయన, ఆయన స్నేహితులు పేకాట ఆడేవాళ్లు. చిన్నపిల్లలం పక్కన కూర్చుని ముక్కల పేర్లు నేర్చుకున్నాం. ఆఠీను రాజు, కళావరు రాణి, ఇస్పేటు ఆసు, డైమను జాకీ. ఎవరన్నా ఇవి తెలుగు మాటలు కావు అంటే మా జేజి ఊరుకునేది కాదు, “తెలుగు కాకపోతే మరి యాడ నించి వచ్చినాయిరా, మీ తాత కూడా ఇట్టాగే అనేవాడు” అనేది. చాలా ఏళ్లకు తెలిసింది, కళావరు డచ్చివాళ్ల మాట, వాళ్లు ఆ గుర్తును ‘క్లావర్’ అంటారు. ఆఠీను కూడా వాళ్లదే, ‘హార్టెన్’. ‘తురుపు’ అంటాం చూడండి, అది వాళ్ల ‘ట్రూఫ్’. డచ్చివాళ్లు మనకు దూరం కాదు. 1613లో పులికాట్‌లో కోట కట్టుకున్నారు, మన సూళ్లూరుపేట దాటి తమిళనాడులోకి అడుగుపెడితే ఆ ఊరే. మసులీపట్నంలో అంతకుముందే వ్యాపారం పెట్టారు. బట్టలు కొనుక్కోవడానికి వచ్చినవాళ్లు వెళ్లిపోయారు, కోట పాడుపడింది, పేకముక్కల పేర్లు మాత్రం మన నోట్లో ఉండిపోయాయి.

అందులో నన్ను బాగా ఆలోచింపజేసేది ఆఠీనులోని ఆ ‘ఠ’. డచ్చి మాటలో ఒత్తు ఎక్కడిది? మనవాళ్లు ఎవరో ఆ మాటను రాయాల్సి వచ్చినప్పుడు ఠ పెట్టారు, అది బాగుందనుకుని పక్కవాళ్లూ పెట్టారు, నాలుగు తరాలు గడిచేసరికి అదే సరైన రాత అయిపోయింది. ఇప్పుడు ‘ఆటీను’ అని రాస్తే నాకే తప్పులా కనిపిస్తుంది. ఆ మొదటివాడి పుస్తకం ఏ పంతులుగారి చేతికన్నా వెళ్లుంటే ఎర్రగీత పడేదేమో.

ఇక తురుపు ముక్క అనే మాట పేకాట దాటి ఎక్కడికి పోయిందో మీకు తెలుసు, ఎన్నికలొస్తే ప్రతి పేపర్లోనూ ఎవరో ఒకరు ఎవరికో తురుపు ముక్కే. పాచిక పారింది, ఎత్తు వేశాడు, పావుగా వాడుకున్నారు, అన్నీ ఆటలవే. వైకుంఠపాళి ఆడనివాడు కూడా ‘పెద్దపాము మింగింది’ అంటాడు. అది మాత్రం ఫాంటసీ కాదా అమ్మా? నిచ్చెనలెక్కి వైకుంఠానికి పోయే ఆట.

కందుకూరు నుంచి ఒక అమ్మ:

పెద్దలు చెప్పిన చరిత్ర బాగుంది, కానీ నాకు కొంచెం వేరే బాధ ఉంది, అది కూడా వినండి. మా అబ్బాయి ఏడో తరగతి. ఫోన్లో కోటలు కట్టుకుని పక్కవాళ్ల కోటల మీద దాడిచేసే ఆట ఆడతాడు. వాడికి షీల్డ్ తెలుసు, డాలు తెలియదు. క్వివర్ తెలుసు, అంబులపొది అంటే నవ్వుతాడు. హెల్మెట్ అంటే బండిమీద పెట్టుకునేది, యుద్ధంలో పెట్టుకునేది రెండూ తెలుసు, శిరస్త్రాణం అనే మాట పాఠంలో వస్తే బట్టీపట్టాడు, మర్చిపోయాడు. మా నాయనమ్మ కథ చెప్పేటప్పుడు గండ్రగొడ్డలి అంటే నా ఒళ్లు జలదరించేది, వాడికి యాక్స్ అంటే పది రకాలు తెలుసు, వాటి ధరలతో సహా.

కొత్త మాటలు రావడం వేరు, వచ్చి ఉన్నవాటిని లేవగొట్టి వాటి చోట కూర్చోవడం వేరు. కళావరు వచ్చినప్పుడు దానికి తెలుగులో వేరే పేరు లేదేమో, వచ్చి కూర్చుంది. మరుగుజ్జు ఉండగానే డ్వార్వ్ ఎందుకు? పైగా పరీక్షలో ఇట్లా రాస్తే మార్కు పోతుంది, దిద్దేవాళ్లు మీలాగా ఆలోచిస్తూ కూర్చోరు టీచర్ గారూ. నాకైతే టెన్షన్‌గానే ఉంది. దయచేసి దిద్దండి.

ట్రంకు రోడ్డు ప్రూఫ్ రీడర్:

నేను ఒంగోలులో డీటీపీ సెంటరు నడుపుతున్నాను, పుస్తకాలకు ప్రూఫులు చూడటం ఇరవై రెండేళ్ల పని. రోజంతా తప్పొప్పులతోనే బతుకుతాను కాబట్టి నాకు తోచింది చెప్తాను.

టీచర్ గారు చెప్పినవన్నీ ఒక గాటన కట్టకూడదు. ‘రక్షస’ తప్పే. అందులో సందేహం లేదు. అది కొత్త మాట కాదు, మన రాక్షసుడే రోమన్ లిపిలో ప్రయాణం చేసి దీర్ఘం పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. ఆ గేమువాళ్లకు ఆ దీర్ఘం ఎక్కడ పెట్టాలో తెలియదు, పిల్లలు చూసింది ఆ రోమన్ రాతే. పులి తల సంగతి కూడా అక్కడిదే, మంగమూరు రోడ్డు తమ్ముడు చెప్పిన ఆ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో 1970ల నుంచే రాక్షసుడికి పులి తల పెట్టారు, వెనక్కి తిరిగిన అరచేతులు కూడా ఉంటాయి. మన రాక్షసుడు ఎలాగూ కామరూపి కాబట్టి పులి తల పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు, కానీ ‘రా’కు దీర్ఘం పెట్టాల్సిందే.

‘అవతార్’ అలా కాదు. అది మన అవతారమే, 1985లో అల్టిమా అనే ఆట నాలుగో భాగంలో ఆటగాడి పాత్రకు ఆ పేరు పెట్టారు, ఆ మరుసటి ఏడు హాబిటాట్ అనే ఆటలో తెరమీద మన బదులు తిరిగే బొమ్మకు పెట్టారు, అట్లా స్థిరపడిపోయింది. ఇప్పుడు పిల్లలకు అవతారం వేరు, అవతార్ వేరు. అవతారం అంటే దశావతారాలు. అవతార్ అంటే నేను ఎంచుకున్న బొమ్మ, టోపీ మార్చొచ్చు, జుట్టు మార్చొచ్చు. నా ఫోన్లో తెలుగు కీబోర్డు కూడా రోమన్‌లో కొడితే మొదట అవతార్ అనే చూపిస్తుంది. ఒక మాట రెండుగా చీలి రెండూ బతికితే నేను దిద్దను. కానీ విష్ణుమూర్తి అవతార్ ఎత్తాడు అని రాస్తే మాత్రం దిద్దుతాను, అక్కడ చీలిక లేదు, మరుపే ఉంది.

లూట్ ఇంకా విచిత్రమైనది. ఇంగ్లీషువాళ్లు దాన్ని మన దేశం నుంచే, హిందీ నుంచి తీసుకుపోయారు, మనకు లూటీ ఎప్పట్నుంచో ఉంది. వాళ్ల ఆటల్లో అది దొంగసొమ్ము అనే అర్థం పోగొట్టుకుని ‘దొరికిన సామాను’ అయింది. ఆ అర్థంతో మళ్లీ మన పిల్లల దగ్గరికి వచ్చింది. లూటీ చేశాడు అంటే దొంగ, లూట్ చేశాడు అంటే సామాను ఏరుకున్నాడు. ఒక్క ఈకారం తేడాతో నేరం పోయింది!

కందుకూరు అమ్మగారి బాధ నాకు అర్థమైంది, అది నిజమైన బాధ. అయితే ‘దిద్దండి’ అనే ముందు ఒక్కసారి వెనక్కి చూడాలి. నేను స్కూల్లో చదివేటప్పుడు మా తెలుగు సారు ‘రాశాను’ అంటే గీత కొట్టి ‘వ్రాశాను’ అని పదిసార్లు రాయించేవారు. కొత్త కాదు క్రొత్త, పొద్దు కాదు ప్రొద్దు. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లోనే ‘రాయండి’ అని ఉంటుంది. అరసున్న పోయింది. మన ప్రాంతం కవి ఎఱ్ఱన, గుడ్లూరుతో ముడిపడిన పేరు, ఆయన పేరులోని బండి ‘ఱ’ను నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు గుర్తుపట్టలేరు, ఎర్రన అనే టైపు చేస్తారు, పుస్తకాలు అట్లాగే అచ్చవుతున్నాయి. వీటిలో ఏదీ గేముల వల్ల రాలేదు.

కట్టుకథల లోకం నుంచి తప్పు మాట వచ్చి స్థిరపడటానికి మన దగ్గరే మంచి సాక్ష్యం ఉంది. 1957లో వచ్చిన మాయాబజార్‌లో పింగళి నాగేంద్రరావు గారు ‘అస్మదీయులు’కు జోడీగా ‘తస్మదీయులు’ పెట్టారు. సంస్కృతంలో తస్మదీయ అనే రూపం లేదు, తదీయ అనాలి. ఘటోత్కచుడి బృందం నోట వచ్చిన ఆ మాట ఈరోజు పేపర్లలో శీర్షికల్లో ఉంటుంది, నేనే కొన్ని వందలసార్లు ప్రూఫులో చూసి వదిలేశాను. ‘వీరతాడు’ కూడా అంతే. ఆ రాక్షసుల మాటలు మనకు కావాలనిపించాయి, ఉంచుకున్నాం.

‘డ్వార్వ్’ విషయంలో మాత్రం నేను అమ్మగారి వైపే. మరుగుజ్జు మంచి మాట, అచ్చ తెలుగు మాట. ‘ఒక లేడీస్ వచ్చింది’ అనే అలవాటు మనకు ఎలాగూ ఉంది కాబట్టి ‘ఒక డ్వార్వ్’ కూడా నిలబడిపోగలదు, అదే నా భయం.

సూళ్లూరుపేట ఇంటర్:

నేను ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. అన్నయ్య చెప్పిన డ్వార్ఫ్స్ గురించి ఒక్క మాట. మా ఫిజిక్స్‌లో వైట్ డ్వార్ఫ్స్ వస్తాయి, చల్లబడిపోతున్న నక్షత్రాలు, అక్కడ ఇప్పటికీ ఎఫ్ తోనే రాస్తారు. నేను ఒకసారి నోట్సులో వి పెట్టి రాస్తే మా సారు కొట్టేశారు, నాకు అప్పుడు కోపం వచ్చింది, ఇప్పుడు అర్థమైంది. ఆకాశంలో ఉంటే ఎఫ్, గుహలో ఉంటే వి.

ఇంకొకటి, స్పెల్లింగు కాదు గానీ చెప్పాలనిపిస్తోంది. గేముల నుంచి వచ్చిన మాటల్లో నన్ను బాధపెట్టింది ‘ఎన్‌పీసీ’. ఆటలో మనుషులు ఆడించని పాత్ర అని అర్థం, అంగట్లో నిలబడి ఎప్పుడూ ఒకే మాట చెప్పేవాడు. మా హాస్టల్లో ఎక్కువ మాట్లాడని పిల్లల్ని అట్లా అంటారు. నన్ను కూడా ఫస్టియర్ అంతా అట్లాగే పిలిచారు. మనిషివి కాదు అన్నట్టు ఉంటుంది. దానికి స్పెల్లింగు తప్పు ఏమీ లేదు కాబట్టి ఎవరూ దిద్దరు.

కావలి టీచరమ్మ:

అందరికీ చాలా కృతజ్ఞతలు. నిన్న, ఈరోజు కూర్చుని పుస్తకాలు మళ్లీ మొదట్నుంచి చూశాను, ఏం చేశానో చెప్తాను.

రక్షసలన్నిటికీ దీర్ఘం పెట్టాను, పులి తల జోలికి పోలేదు. లూట్ అలాగే ఉంచాను. అవతార్ ఏడుగురు రాశారు. అందులో ఐదుచోట్ల దేవుడు, దేవత ఉన్నారు, అవి అవతారం అని దిద్దాను. ఒక కథలో దొంగ తన వేషాన్ని అద్దంలో ఎంచుకుంటాడు, ఇంకోదాంట్లో ఒక పిల్ల కలలోకి వెళ్లి జుట్టు రంగు మార్చుకుంటుంది, ఆ రెండిటినీ వదిలేశాను. డ్వార్వ్‌ల పక్కన గీత పెట్టలేదు గానీ చిన్నగా మరుగుజ్జు అని రాశాను, ఏది ఉంచుకుంటారో వాళ్లిష్టం.

కందుకూరు అమ్మగారూ, మీరు చెప్పిన డాలు, అంబులపొది, శిరస్త్రాణం నా మనసులో తిరుగుతూనే ఉన్నాయి. ఈరోజు క్లాసులో బోర్డు మీద ఒకవైపు ఈ మాటలు రాశాను, ఈటె, బాకు, గద, శూలం, కవచం, వడిసెల, గండ్రగొడ్డలి కూడా. మీ ఆటలో దీన్నేమంటారో చెప్పండి అన్నాను. ఎప్పుడూ చెయ్యెత్తని వెనక బెంచీ పిల్లలు లేచి నిలబడ్డారు. వడిసెల దగ్గర ఎవరికీ తెలియలేదు, ఒక్క అమ్మాయి మాత్రం వాళ్ల తాత జొన్నచేలో పిట్టల్ని తోలేది దాంతోనే అంది. దాన్ని ఆటలో పెడితే ఎంత దెబ్బ తగులుతుంది అని మిగతావాళ్లు ఆ పిల్ల చుట్టూ చేరారు. ఆ పీరియడ్ అయిపోయిందని గంట కొట్టినా కదల్లేదు.

సూళ్లూరుపేట బాబూ, నీ మాట చదివాక నాకు నిద్ర పట్టలేదు. మా క్లాసులో కూడా ఆ మాట విన్నాను, అదేదో పరీక్ష పేరు అనుకున్నాను. రేపు దాని గురించి పిల్లలతో మాట్లాడతాను, నీ పేరు, ఊరు ఎత్తను.

ప్రూఫ్ రీడర్ గారూ, ఒక్కటి మిగిలింది. మానాను తెలుగులో ఎలా రాయమంటారు? పిల్లలు ‘మన’ అంటున్నారు, తమ్ముడు ‘మానా’ అన్నాడు, ఇంకో అమ్మాయి ‘మాన’ అని రాసింది. రేపు పుస్తకాలు ఇచ్చేయాలి.

ట్రంకు రోడ్డు ప్రూఫ్ రీడర్:

‘మానా’ అనే రాయించండి మేడమ్, రెండు దీర్ఘాలతో. ‘మన’ అంటే మనదే అయిపోతుంది, ‘మాన’ అంటే కుంచంతో కొలిచినట్టుగా ధాన్యం కొలుచుకునే మానిక గుర్తొస్తుంది, మా పల్లెలో మాన అనే అంటారు. చివర దీర్ఘం ఉంటే ఇది బయట నుంచి వచ్చిన మాట అని చూడగానే తెలుస్తుంది, సోడా, సోఫా లాగా. యువరాణి బావి దగ్గర తాగిన కథ మాత్రం వీలైతే ఒకసారి మాకూ చదివే అవకాశం ఇవ్వండి, ఆ పిల్ల ఒప్పుకుంటేనే.

ఒంగోలు మంగమూరు రోడ్డు:

నాకు కూడా. వడిసెల ఉన్న ఆట ఏదైనా ఉందేమో ఈ రాత్రి వెతుకుతాను, దొరికితే ఆ తాతగారి మనవరాలికి చెప్పండి.